చెవిలో వేపపుల్ల, నోట్లో క్యాపు

బందరు గిలకలదిండిలో ఎండుచేపల వ్యాపారానికి ఒక సర్వోన్నత న్యాయస్థానం ఉంది. అది లక్ష్మీకాంతమ్మ నాలుక. ఆరిన సరుకులోంచి ఒక చేప తోక విరిచి, కొనను నాలుకకు తాకించి, "ఉప్పు సరిపోయింది, ఎత్తండి" అని ఆమె సెలవిస్తే ఆ తీర్పుపై అప్పీలు లేదు. బంటుమిల్లి, పెడన వర్తకులు బస్తాలు పట్టుకుని ఆ మాట కోసమే నిలబడేవారు.

అంతటి న్యాయస్థానం రెండు నెలలుగా మూతబడింది. బుగ్గలోపల పుండ్లు. తోక తాకితే చాలు, నాలుక భగ్గుమంటోంది. ఆ మంటలో రుచి తెలియక ఆమె సరేనన్న సరుకొకటి, ఉప్పు చాలక పురుగుపట్టి తిరిగొచ్చింది. "కాంతమ్మకు నాలుక పోయింది" అంటూ వర్తకులు మరో కొట్టుకు మళ్లారు.

మంట మొదలైంది గుడివాడలో దవడపన్నుకు క్యాపు వేయించుకున్నాకే. ఆ దంతవైద్యశాల వైభవం వర్ణనాతీతం! అద్దాల తలుపులు, చల్లని గాలి, గోడలనిండా ముత్యాల నవ్వులు. దాని అధిపతి డాక్టర్ శ్రీచరణ్ గారు ఆమె ఫోను నంబరు అడిగారు, పుట్టినరోజు అడిగారు, కోడలు సాయిదుర్గ చేత ఫోనులో అయిదు నక్షత్రాలు నొక్కించుకున్నారు. తర్వాత మళ్లీ వెళ్లి మంట గురించి మొరపెట్టుకోబోతే మాత్రం, "కారం తగ్గించమ్మా, అలవాటవుతుంది" అని అనుగ్రహించి పంపేశారు.

చివరికి సాయిదుర్గ అత్తగారిని బందరులోనే ఉన్న పంటి డాక్టర్ కామేశ్వరి గారి దగ్గరకు తీసుకెళ్లింది. ఆవిడ నోటికంటే ముందు చెవులు చూశారు.

"ఆ వేపపుల్లలేంటి పిన్నిగారూ?"

"గిల్టు దిద్దులు నాకు పడవండి. పెట్టిన పూటే దురదొచ్చి రసి కారుద్ది. ఉన్న బంగారమేమో కోడలి చెవులకెళ్లింది."

"అబ్బో, నేనడిగానా అత్తా?" అంది సాయిదుర్గ.

కామేశ్వరి గారు నవ్వలేదు. "గిల్టులో దురద పెట్టేది చాలావరకు నికెల్ అనే లోహం. కొన్ని క్యాపుల్లోనూ అది ఉంటుంది. ఎక్కువమందికి ఏమీ కాదు. మీలాంటి వాళ్లలో కొందరికి నోరు పుండవుతుంది. ఆ క్యాపు వేసినాయన మీ చెవులు చూడలేదా?"

"ఎక్స్‌రే తీసేప్పుడు చూశారండి. చూసి నవ్వారు."

చర్మవైద్యుల పరీక్ష ఆ అనుమానాన్నే ఖాయం చేసింది. కామేశ్వరి గారు క్యాపు కోసి తీసి, లోహం లేనిది వేశారు. పుండ్లు మెల్లగా మానాయి, ఉప్పు రుచి తిరిగొచ్చింది. వెళ్లిపోయిన వర్తకులు మాత్రం రాలేదు.

లక్ష్మీకాంతమ్మ ఆ కోసిన ముక్కను కాగితంలో చుట్టుకుని, గుడివాడ వెళ్లి శ్రీచరణ్ గారి బల్లమీద పెట్టింది.

"ఇదేంటి బాబూ?"

"క్యాపు. అందరికీ వేసేదేనమ్మా."

"అందరి చెవులూ నావి కావు కదా బాబూ! నా దగ్గర చేప కొనేవాడికి అది ఏ రేవుదో, ఎప్పుడు ఆరబెట్టిందో చెప్పి అమ్ముతాను. ఒక్క పూట కూరకే అంత చెప్పాలి. ఏళ్లతరబడి నా నోట్లో ఉండేదానికి మీరు పేరైనా చెప్పలేదు. గిల్టు పడుద్దా అని ఒక్క మాట అడిగితే మీ నక్షత్రాలు రాలిపోతాయా?"

వైద్యశేఖరులు ఆ ముక్కను కాగితంతో కప్పేశారు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న పెద్దమనిషి ఠక్కున మూసి, లేచి కూర్చున్నాడు.

"ఇంతకీ నాకేం వేస్తున్నారండీ?"

చదువరులారా! మన ఒంట్లో పెట్టేదేమిటో, అది మనకు పడుతుందో లేదో మనం అడగకముందే తెలుసుకుని చెప్పడం వైద్యుడి ధర్మం. ఆయన మరిచిపోతే ఆ పెద్దమనిషిలా అడగండి, జవాబు వచ్చేదాకా నోరు తెరవకండి.