జమ్మలమడుగు దారి పట్టిన పియానో

ప్రొద్దుటూరులో బంగారంగడి శేషయ్య ఇంట్లో పొద్దున్నే కసువూడ్చేవాళ్లు పియానో దగ్గర కాస్త చూసుకోవాలి. అది ఏడాదికి జానెడు నడుస్తుంది. శేషయ్య పసితనంలో వెనకగదిలో ఉండేది. ఆయన పెళ్లినాటికి నట్టింట్లోకి వచ్చింది. ఇప్పుడు ముందు వసారాలో వాయవ్యం వైపు గోడకు ఆనుకుని నిలబడింది. దారిలో అడ్డమొచ్చిన గోడలకు ఇంటివాళ్లు ఎప్పటికప్పుడు వాకిళ్లు పెట్టించారు. వచ్చిన చుట్టాలు "ఈ తూరి బాగానే నడిచిందే" అని పలకరించి, కాఫీ తాగి పోయేవాళ్లు.

ఇక మిగిలింది వీధిగోడ.

"వీధిలోకి పోనిస్తామా? అంగట్లో పెడదాం" అన్నాడు శేషయ్య. "మా నాయన మద్రాసులో దొర దగ్గర కొన్నాడు, రెండునూర్ల ఏండ్లదని బోర్డు రాయిద్దాం. సదువుకున్నదానివి, దాని వయసెంతో కనుక్కో భావనా."

భావన ఆయన కోడలు, పులివెందుల పిల్ల. నర్సింగు చదివింది. మా ఇంటి ఆడోళ్లు ఉద్యోగాలకు పోరని శేషయ్య పెళ్లిచూపుల నాడే చెప్పేశాడు. భర్త దినేష్ తండ్రి మాటకు ఎదురు చెప్పే మనిషి కాడు. అయినా వీధిలో ఎవరికైనా సూది వేయాలంటే భావన చేతిలో పని చేతిలోనే వదిలి పరిగెత్తేది.

ఆమె పిలిపిస్తే పియానోలు బాగుచేసే అబ్రార్ బెంగళూరు నుంచి వచ్చాడు. లోపలి తీగలూ చట్రమూ చూసి, "నూరేళ్లుంటాయేమో, అంతకు మించవు" అన్నాడు. నలుగురూ పట్టి తిప్పితే, వెనక చెక్క మీద తెల్లరంగుతో ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. భావన చదివింది: "కాన్పుల వార్డు, జమ్మలమడుగు."

"మద్రాసు కాదా?" శేషయ్య ఆ అక్షరాలను వేలితో తడిమి చూశాడు.

మరునాడు మామా కోడలూ జమ్మలమడుగు బస్సెక్కారు. పాత మిషన్ ఆస్పత్రి దగ్గర అడిగితే, వెనక వీధిలో ఉండే జైబున్నీసా ఇల్లు చూపించారు. ఆమె తల్లి ఆ ఆస్పత్రిలోనే ఆయాగా చేసేదట. భావన ఫోన్లో ఫోటో చూపగానే ముసలామె మొహం వెలిగిపోయింది.

"డాక్టరమ్మ పియానో! మీ దగ్గరికి ఎట్లొచ్చింది? నువ్వెవురప్పా?"

"ప్రొద్దుటూరు శేషయ్యను. మాయమ్మ రత్నమ్మ."

"రత్నమ్మక్క కొడుకువా! ఈడనే పుట్టినావు నువ్వు. నెలలు నిండకనే పుట్టి, పిల్లిపిల్ల మాదిరి ఉన్న్యావు. నిన్ను బతికిచ్చుకోను మీయమ్మ శాన్నాళ్లు ఆస్పత్రిలోనే ఉండె. పని కూడా నేర్చుకునె. యాడుస్తాండే బిడ్డ ఆయమ్మ చేతికొస్తే చాలు, గమ్మునైపోయేది. పొద్దున పూట ఇది వాయిస్తాంటే వార్డంతా ఇనేది."

"మాయమ్మా? వాయించేదా?"

"డాక్టరమ్మే నేర్పిచ్చె. ఈడనే నర్సుగా ఉంటానని మీ నాయనను ఎంతో బతిమాలె. ఆయప్ప ఒప్పుకోలే. పొయ్యేటప్పుడు డాక్టరమ్మ దీన్ని ఎద్దులబండికి ఎక్కిచ్చి పంపిచ్చె."

శేషయ్యకు తెలిసిన అమ్మ మూతవేసిన పియానో మీద ఉతికిన బట్టలు మడతపెట్టుకునేది. ఆ మూత ఎత్తగా ఆయన ఒక్కసారీ చూడలేదు.

"ఈ మధ్య యాడికన్నా కదులుతాందా?" అని అడిగింది జైబున్నీసా.

"ఇటే వస్తాండాది" అంది భావన.

"రాక?" అని ముసలామె చాయ్ పెట్టడానికి లేచింది.

తిరుగు బస్సులో శేషయ్య చాలాసేపు కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చున్నాడు. ప్రొద్దుటూరు దగ్గర పడ్డాక అడిగాడు:

"నీకు ఆ పనంటే ఇష్టమా మ్మా?"

"శానా ఇష్టం మామా."

ఇంటికి రాగానే దినేష్, బోర్డు మీద ఏమని రాయించాలని అడిగాడు.

"బోర్డు వద్దు. లారీ మాట్లాడు."

"యాడికి నాయనా?"

"అది పోతాండే తావుకే. ఆస్పత్రోళ్లతో నేను మాట్లాడతా. భావనా, నీ సర్టిఫికెట్లు తీసుకో. ఉద్యోగముందేమో అడుగుదాం."

దినేష్ తండ్రి మొహంలోకి చూశాడు, భార్య మొహంలోకి చూశాడు. ఫోన్ తీసి లారీ అతనికి చేశాడు.

కాన్పుల వార్డు వరండాలో దించిన చోటి నుంచి పియానో మళ్లీ వెంట్రుకవాసి కదల్లేదు. ఆ నెలాఖరుకు భావనకు అదే వార్డులో ఉద్యోగం దొరికింది.

ఇప్పుడు సాయంత్రం జమ్మలమడుగు బస్సు వచ్చేసరికి, ప్రొద్దుటూరు బస్టాండులో శేషయ్య స్కూటరుతో నిలబడి ఉంటాడు. కోడలు వెనక కూర్చోగానే, ఇంకా కిక్కు కొట్టకముందే తల తిప్పి అడుగుతాడు:

"ఈ పొద్దు ఎంతమంది పుట్టిన్యారు మ్మా?"