డబ్బా మీద ఫొటో

బల్లకి ఎనిమిది కుర్చీలు. ఎల్డన్ రెండేసి చొప్పున మోసుకొచ్చి వేస్తున్నాడు. గుండెపోటు రాకముందు నాలుగేసి మోసేవాడు. డెబ్బై నాలుగేళ్ల పొడుగాటి మనిషి, భుజాలు వంగినా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు. ఊరి అగ్నిమాపక దళం వాళ్ల ఈ ఫైర్ హాలు ఊడ్చి తుడవడంలోనే ఇరవై రెండేళ్లు గడిచిపోయాయి.

ఊళ్లో ఎవరికి పెద్ద జబ్బు చేసినా శనివారం ఆ హాల్లో స్పాగెట్టి భోజనం పెడతారు. టికెట్ల డబ్బంతా రోగికే. గుమ్మం దగ్గర చందాలకి ఓ కాఫీ డబ్బా, దాని మీద రోగి ఫొటో. ఇవాళ బస్సు నడిపే లొరేన్ వంతు, కిడ్నీలు పాడయ్యాయి. ఆ ఫొటో అంటించిందీ ఎల్డనే. తన ఫొటో మాత్రం చస్తే ఇవ్వనంటాడు.

వంటగదిలోంచి ఈ భోజనాలు వండే బెర్నీస్ గరిటెతోనే వచ్చింది. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది.

"మాత్రలు రోజూ వేసుకుంటున్నావా?"

"రోజు విడిచి రోజు. ఆ ఖరీదుకి రోజూ మింగితే చలికాలం హీటరుకి నూనె ఎవడు పోయిస్తాడు?"

"డాక్టరమ్మకి చెప్పావా?"

"రోజూ వేసుకుంటున్నాననే చెప్పా. మంచి పిల్ల, బాధపడుతుంది."

"నీ మర్యాద మండ! స్టెంటు పూడుకుపోతే సంతోషిస్తుందా? ఒక్క ఫొటో ఇవ్వు ఎల్డన్, వచ్చే శనివారం నీకు పెడదాం."

"నేను ఇంకొకళ్లకి డబ్బాలో వేసినవాణ్ణే గానీ, అడుక్కున్నవాణ్ణి కాదు."

"అయితే లొరేన్ అడుక్కుంటోందా?"

ఎల్డన్ ఇంకో రెండు కుర్చీలు తేవడానికి వెళ్లాడు. అభిమానం అన్నం పెట్టదంటారు, మందులు అసలే కొనిపెట్టదు. ఆ సంగతి ఆయనకు ఇంత ఆలస్యంగా తెలియడమే అసలు ఏడుపు.

మధ్యాహ్నం ఇంటికెళ్లి నాలుగింటికి తిరిగొచ్చాడు. వంటగది గుమ్మంలో నిలబడి, "బెర్నీ, అందరూ వెళ్లాక నీతో ఓ మాట చెప్పాలి" అన్నాడు.

"ఇప్పుడే చెప్పరాదూ?"

"జనం ఉన్నారు."

జనం తిన్నారు, నవ్వుకున్నారు, వెళ్లారు. ఎల్డన్ కుర్చీలన్నీ మడిచి గోడకి చేర్చి, చివరిదాంట్లో కూర్చున్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని బెర్నీస్ గిన్నెలన్నీ తోముకుని వచ్చింది. పిలిస్తే పలకలేదు. ఫైరు కుర్రాళ్లు ఛాతీ మీద నొక్కీ నొక్కీ చేతులెత్తేశారు.

గుండీలు విప్పినప్పుడు చొక్కా జేబులోంచి ఫొటో పడింది. ఇరవై అయిదో పెళ్లిరోజుది. అందులో ఎల్డన్ నవ్వుతున్నాడు. తొమ్మిదేళ్ల కిందట పోయిన భార్య ఇర్మాని చందా డబ్బా ఎక్కించడం ఇష్టంలేక, ఆమె ఉన్న సగాన్ని కత్తెరతో జాగ్రత్తగా కోసేశాడు. ఎంత జాగ్రత్తగా కోసినా, ఆయన మోచేతిని పట్టుకున్న ఆమె చెయ్యి మాత్రం ఉంగరంతో సహా ఫొటోలోనే ఉండిపోయింది.