పిచ్చుక టీచరు నీడ

పొద్దున్నే కూతురికి రెండు జడలు వేసి, బడి సంచీలో నీళ్ళ సీసా పెట్టి, గేటు దగ్గర బుగ్గ మీద ముద్దుపెట్టి, "వెళ్ళొస్తానమ్మా" అని చెప్పి బస్సు పట్టుకోవడం ఆమెకి రోజూ ఉండే పనే. బస్సులో కూర్చోడానికి చోటు దొరికితే ఆ రోజు పండగే. దొరక్కపోతే ఒంటికాలి మీద నిలబడి, పెదాలు కదుపుతూ ఇంగ్లీషు పాఠం వల్లె వేసుకుంటూ, మందుల షాపు మేడ మీదున్న శిక్షణ తరగతికి చేరేది. సముద్రానికి అవతలున్న దేశంలో, బళ్ళలో పిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి వెళ్ళేవాళ్ళకి అక్కడ తర్ఫీదు ఇస్తారు.

మొదటి రోజు ఆమె లేచి పేరు చెప్పుకుంటుంటే వెనక బెంచీలోంచి ఎవరో, "గదిలోకి పిచ్చుక దూరిందండోయ్, కిటికీ తెరవండి" అన్నారు. గొంతు అంత సన్నం. అంతటితో ఆమె పిచ్చుక అయిపోయింది. అన్నది లెక్కల మాస్టారు. జీవితమంతా లెక్కలు చెప్పి, ఇక ఒక్క కూడిక కూడా చెయ్యనని ఒట్టుపెట్టుకుని ఇంగ్లీషులోకి దూకిన మనిషి. ఆయన పక్కన రేడియో అక్క కూర్చునేది. చాలా ఏళ్ళు రేడియోలో వార్తలు చదవడంతో ఆవిడ ఏం మాట్లాడినా వార్త చదివినట్టే ఉండేది. "చక్కెర తక్కువగా ఒక టీ" అని ఆవిడ అంటే బడ్డీ దగ్గర నలుగురూ మాటలు ఆపి వినేవాళ్ళు. వారం తిరిగేసరికి ముగ్గురూ ఒక జట్టయ్యారు.

ప్రయాణం ఖాయమైనవాళ్ళ నీడలు వాళ్ళకంటే ముందు బయల్దేరతాయన్నది అందరికీ తెలిసిందే. అవి వెళ్ళి, ఉండబోయే చోటు చూసుకుని, అక్కడే కుదురుకుంటాయి. మనిషి తర్వాత వెళ్ళి కలుస్తాడు. రేడియో అక్క నీడ తరగతులు మొదలైన వారంలోనే వెళ్ళిపోయింది. మాస్టారి నీడ ఆయన టీ ఊదుకుంటుండగా చెప్పాపెట్టకుండా పోయింది. "నాకంటే దానికే తొందర" అని ఆయన మిగిలిన టీ తాపీగా తాగాడు.

పిచ్చుక నీడ మాత్రం పొద్దున వెళ్ళేది, సాయంత్రం వచ్చేది. బస్సు ఎక్కేసరికి కాళ్ళ కింద ఖాళీ. ఆహా, ఇవాళ వెళ్ళినట్టే అనుకుంటుందా, పొద్దు వాలేవేళకి బస్టాపులో నిలబడితే ఉప్పు వాసన కొడుతూ, అలసిపోయి వచ్చి మళ్ళీ పాదాలకి చుట్టుకునేది. దాన్ని చూస్తే ఆమెకి జాలీ, ఒళ్ళుమంటా ఒకేసారి పుట్టేవి.

శిక్షణ ఇచ్చే మేడమ్ మెత్తగానే చెప్పింది. "సోమవారం అందరినీ డాబా మీద ఎండలో నిలబెట్టి చూస్తానమ్మా. అప్పటికీ నీ నీడ నీ దగ్గరే ఉంటే నీ సీటు వేరేవాళ్ళకి ఇవ్వక తప్పదు. పోయినసారి ఒకాయన్ని జాలిపడి నీడతో సహా పంపాం. అన్నం ముట్టకుండా ఏడుస్తూ కూర్చుంటే మళ్ళీ మనమే వెళ్ళి తీసుకురావాల్సొచ్చింది."

పిచ్చుకకి ముద్ద దిగడం మానేసింది. పాప తండ్రి వేరే ఊళ్ళో వేరే సంసారం పెట్టుకుని ఈ దిక్కు చూడ్డమే మానేశాడు. ఆమె పాఠాలు చెప్పుకునే చిన్న బడి మూతపడింది. ఇల్లు నడుస్తోందంటే తోడబుట్టిన అక్క కుట్టుమిషను తొక్కబట్టే. ఈ ఉద్యోగం తప్పిపోతే మళ్ళీ ఇంకోటి వస్తుందన్న ఆశ లేదు. ఇది దక్కితేనేమో రెండేళ్ళు పాపని వదిలి ఉండాలి. అక్కడ గది ఒంటరిగా వచ్చేవాళ్ళకే ఇస్తారు. పాప అక్క దగ్గర ఉండేట్టు ఒప్పందం. వెళ్ళలేనేమోనని ఒక భయం, వెళ్ళాల్సొస్తుందేమోనని ఇంకో భయం. నడుస్తూ నడుస్తూ ఆగి కాళ్ళ కిందకి చూసుకోవడం అలవాటైపోయింది.

శుక్రవారం ఆమె పాఠం చెప్పే వంతు వచ్చింది. మిగతావాళ్ళంతా పిల్లల్లా నటించాలి. పాఠం, సెలవు తీసుకోవడం.

"ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు అమ్మతో ఏమంటాం?" అని అడిగి, జవాబు తనే చెప్పింది. "ఐ విల్ గో అండ్ కమ్, మదర్!"

"ఐ విల్ గో అండ్ కమ్, మదర్!" అని తరగతంతా గొంతెత్తి అరిచింది. ఒక్కరికీ అందులో తప్పు కనబడలేదు. మాస్టారు మాత్రం చిలిపి కుర్రాడి వేషంలో ఉన్నాడు కాబట్టి చెయ్యెత్తాడు.

"టీచర్, గో చాలదా? కమ్ ఎందుకూ?"

అప్పుడు వెలిగింది అందరికీ. పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వారు. పిచ్చుక నాలుక కరుచుకుంది. మేడమ్ మాత్రం నవ్వలేదు.

"ఇంగ్లీషులో వెళ్ళేవాళ్ళు వెళ్తారంతే. వస్తామని ఎవరూ చెప్పరు. బై అంటే సరిపోతుంది" అంది.

టీ బడ్డీ దగ్గర రేడియో అక్క గ్లాసు కింద పెట్టి అడిగింది. "రోజూ ఇంట్లో ఏం చెప్పి వస్తావు?"

"వెళ్ళొస్తానని."

"అదీ సంగతి. నీ నీడ నీ మాట తు.చ. తప్పకుండా వింటోంది. వెళ్తోంది, వస్తోంది. దాన్ని ఏమని ఏం లాభం?"

"మరి మీరేం చెప్పి వచ్చేవారు?"

"నాకెవరున్నారని చెప్పడానికి? తాళం వేసి వచ్చేదాన్ని."

"నేనైతే మా ఆవిడ వంటింట్లో ఉండగా చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేస్తాను" అన్నాడు మాస్టారు. "చెబితే ఏదో ఒక పని అంటగడుతుంది."

"వెళ్తున్నానని చెప్పు. అంతే" అంది రేడియో అక్క.

"అమ్మో! గడప దాటుతూ ఆ మాట ఎవరైనా అంటారా? అదీ పసిపిల్లతో!"

ఎవరూ అనరని వాళ్ళకీ తెలుసు.

శనివారం అందామనుకుంది, నోరు దానంతటదే వెళ్ళొస్తానంది. ఆదివారం అద్దం ముందు నిలబడి అభ్యాసం చేసింది. సోమవారం గేటు దగ్గర పాప మేజోడు పైకి లాక్కుంటోంది. అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

"వెళ్తున్నాను" అంది పిచ్చుక.

పాప తలెత్తి చూసింది. "వెళ్తున్నావా?"

"ఊఁ."

"అంతేనా?"

"అంతే."

పాప రెండో మేజోడు కూడా లాక్కుంది. సంచీ భుజాన వేసుకుంది. "అయితే నేనూ వెళ్తున్నాను" అని మూతి బిగించుకుని, వెనక్కి తిరిగి చూడకుండా బడి దారి పట్టింది.

"పొద్దున్నే అదేం మాటే!" అంది అక్క.

"అలాగే చెప్పమన్నారక్కా" అని ఇంకో మాటకి తావివ్వకుండా పిచ్చుక బస్సు కోసం పరిగెత్తింది.

డాబా మీద ఎండ పెళపెళలాడుతోంది. మేడమ్ ఒక్కొక్కరి చుట్టూ తిరిగి చూసింది. పిచ్చుక పాదాల కింద గచ్చు తెల్లగా, ఖాళీగా ఉంది. ఈసారి నీడ వెళ్ళడంలో తేడా ఆమెకే తెలిసింది. బస్సు మెట్టు మీద కాలు పెట్టగానే పాదాల దగ్గర దారం తెగినట్టయింది. మాస్టారు చప్పట్లు కొట్టాడు. ఆమె నవ్వింది కానీ, చూపు గచ్చు మీంచి తీయలేదు. సాయంత్రం బస్టాపులో చాలాసేపు నిలబడింది. నీడ రాలేదు.

వీధి మలుపు తిరిగేసరికి ఆడపిల్లలు తాడాట ఆడుతున్నారు. ఇద్దరు తాడు తిప్పుతున్నారు, మధ్యలో పాప గెంతుతోంది. వాలు ఎండలో తాడు తిప్పే పిల్లల నీడలు గోడ దాకా సాగి ఉన్నాయి. వాటి మధ్య తాడు నీడ ఉత్తినే తిరుగుతోంది. గెంతే పిల్ల నీడ లేదు.

పిచ్చుక ఇంటి అరుగు మీద కూలబడింది. అక్క బయటికొచ్చి పక్కన కూర్చుంది.

"మధ్యాహ్నానికే లేదట. బడిలో టీచరమ్మ కబురు పంపింది. నీకెలా చెప్పాలో తెలీక కూర్చున్నాను" అంది.

"అది చిన్నపిల్లక్కా. ఏదో కోపంలో అంది."

"కోపంలో అంటే మాత్రం, మాట మాటేగా."

రాత్రంతా పాప నుదుటి మీద చెయ్యి తీయలేదు పిచ్చుక. తెల్లారగానే పిల్లని వెంటబెట్టుకుని మేడమ్ దగ్గరికి వెళ్ళింది. సీటు పోయినా సరే, పిల్ల నీడని వెనక్కి రప్పించే దారి చెప్పండని అడగాలనుకుంది. మేడమ్ పాపని డాబా మీదికి తీసుకెళ్ళి, ఒకసారి చుట్టూ తిరిగి, నిట్టూర్చింది.

"వెళ్ళినదాన్ని రప్పించడం మన చేతుల్లో లేదమ్మా. నీడ అక్కడా పిల్ల ఇక్కడా అయితే ఎన్నాళ్ళని ఆరోగ్యంగా ఉంటుంది?"

కిందికొచ్చి, తలుపు వేసుకుని, అక్కడి బడివాళ్ళతో ఫోనులో చాలాసేపు మాట్లాడింది. బయట పిచ్చుక కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడింది. మాస్టారు పాపకి బిస్కెట్టు ఇచ్చాడు. రేడియో అక్క తలుపుకి చెవి ఆనించి, కాసేపటికి తిరిగి, తన మామూలు గొంతుతో ప్రకటించింది.

"గదిలో ఇంకో మంచం వేయిస్తారట. బడిలో కూడా చేర్చుకుంటారట."

పిచ్చుక అందరి ముందూ బావురుమంది.

ప్రయాణం ముందురోజు వసారాలో ఎండలో పెట్టె సర్దింది అక్క. పిచ్చుక పెట్టుకున్న పుస్తకాలు సగం తీసి బయట పడేసింది. "నీ పాఠాలు నోటికొచ్చు. పిల్ల స్వెట్టర్లు నోట్లో పెట్టుకుపోతావా?" అని కసిరింది. పాప కోసం తనే కుట్టి పెట్టిన కొత్త దుప్పటి కూడా మడిచి అందులోనే కుక్కింది.

పాప అక్క చుట్టూ తిరుగుతూ నేల వంక చూస్తోంది. "పెద్దమ్మా, నీదెందుకు వెళ్ళలేదు?"

"దానికి బద్ధకం" అంది అక్క నవ్వుతూ. తర్వాత పెట్టె మీద మోకాలు ఆనించి, తల వంచుకుని, జిప్పు లాగుతూ అంది. "ఈ ఇంటికి ఒక్క నీడైనా ఉండొద్దుటే?"