వెళ్ళిపోయినవారి రిజిస్టరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన ఊరంతా చెప్పుకు తిరుగుతుంటాడు. ఉండక ఏం చేస్తుంది! పొద్దున్నుంచి సాయంత్రం దాకా బస్సులో జనం మీద అరిచి బతికే కండక్టర్ని నేను. అలాంటిదాన్ని సెలవు మీద సెలవు పెట్టి, మా అత్తయ్యను వెంటబెట్టుకుని, జిల్లా ఆఫీసులో జనన మరణాల విభాగం చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతున్నాను. మాకు కావలసింది ఒకే ఒక్క కాగితం. మా మామయ్య చనిపోయారని ప్రభుత్వం ఒప్పుకునే కాగితం.

అది ఎందుకంటే మా అత్తయ్య మళ్ళీ పెళ్ళి చేసుకుంటోంది.

పెళ్ళికొడుకు మా వీధి చివర కళ్ళద్దాల కొట్టు నడిపే ఆయన. పిల్లాజెల్లా లేరు, భార్య పోయి చాలాకాలమైంది. అత్తయ్య కళ్ళద్దాల ఫ్రేము విరిగితే బాగుచేయించుకోవడానికి ఒకసారి వెళ్ళింది. ఆ తర్వాత ఆ ఫ్రేము ఎన్నిసార్లు వదులైందో ఫ్రేముకే తెలియాలి. సంగతి తెలిసి మా ఆయన కొన్నాళ్ళు మూతి ముడుచుకుని తిరిగి, చివరికి "నీ ఇష్టం అమ్మా" అని లారీ ఎక్కి డ్యూటీకి పోయాడు. నేను మాత్రం విన్న రోజే సరేనన్నాను. మామయ్య పోయాక ఆవిడ వంటింట్లో ఒక్కతే నిలబడి గిన్నెలతో మాట్లాడుకోవడం చూసినదాన్ని. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది ఆ కళ్ళద్దాల కొట్టుకు వెళ్ళడం మొదలయ్యాకే.

పెళ్ళి నమోదు చేసే గది కూడా అదే ఆఫీసులో, వరండాకు అటు చివర ఉంది. మొదటి భర్త మరణ ధ్రువపత్రం తెస్తేనే పెళ్ళి అన్నారు అక్కడ. సరే, ఆ మాత్రం దానికేముంది అనుకుని వరండాకు ఇటు చివరికి వచ్చాం. అక్కడే మాకు చుక్కలు కనిపించాయి.

కిటికీ వెనకాల కూర్చునే గుమాస్తాకు నేను పెట్టిన పేరు రేపురండి. మనిషి చెడ్డవాడేం కాదు, నోట్లోంచి ఆ మాట తప్ప మరోటి రాదు, అంతే. కంప్యూటర్ పనిచేయడం లేదు, రేపు రండి. పాత రిజిస్టర్లు పై అంతస్తులో ఉన్నాయి, రేపు రండి. పై అంతస్తు తాళం చెవి ఉన్నామె సెలవులో ఉంది, రేపు రండి. తీరా ఆ తాళం చెవులామె వచ్చాక వెతికి చూస్తే మరణాల రిజిస్టరులో మామయ్య పేరే లేదు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇక్కడికొచ్చి నా నోటితో నేనే చెప్పాను అమ్మాయ్, రాసుకున్నారు కూడా" అంటుంది అత్తయ్య. రాసుకుంటే ఏమైనట్టు? ఎలుకలు తిన్నాయా?

అది తేలింది ఇవాళే. మేం పెట్టిన పెళ్ళి దరఖాస్తుకు కూడా ఇవాళ సాయంత్రం దాకానే గడువు, ఇది దాటితే మళ్ళీ మొదటినుంచీ పెట్టుకోవాలి. అందుకని కళ్ళద్దాలాయన కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని మాతో వచ్చి వరండా బెంచీ మీద కూర్చున్నాడు. మేం కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి రేపురండి మొహం వెలిగిపోతోంది.

"దొరికారమ్మా మీ మామగారు!" అన్నాడు.

"ఎక్కడ సార్?"

"వెళ్ళిపోయినవారి రిజిస్టరులో."

అంటే ఊళ్ళో ఇల్లు ఖాళీ చేసి మరో చోటికి మారిపోయినవాళ్ళ పేర్లు రాసే పుస్తకమట. అందులో మామయ్య పేరు, మా ఇంటి నంబరు, పక్కన గుండ్రటి అక్షరాలతో 'ఇల్లు విడిచి వెళ్ళిపోయినట్టు భార్య తెలిపారు. చిరునామా తెలియదు.'

నేను మెల్లగా అత్తయ్య వైపు తిరిగాను. "ఆ రోజు మీరు ఏమన్నారు అత్తయ్యా?"

"ఉన్నదే చెప్పాను. మా ఆయన వెళ్ళిపోయారు బాబూ అన్నాను."

"ఎక్కడికని అడగలేదా?"

"అడిగాడు. తెలీదన్నాను. నాకేం తెలుసు అమ్మాయ్, ఎవరికి మాత్రం తెలుసు?"

"తిరిగొస్తారా అని అడగలేదా?" అన్నాడు రేపురండి, కుతూహలం ఆపుకోలేక.

"ఆ అబ్బాయి అదీ అడిగాడు. వస్తే అంతకన్నా ఏం కావాలి బాబూ అన్నాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మామయ్యకు కొరివి పెట్టి వచ్చిన మర్నాడు, ఇంట్లో నేను వచ్చేపోయే జనంతో సతమతమవుతుంటే, ఈవిడ పక్కింటావిడను తోడు తీసుకుని వచ్చి చేసిన ఘనకార్యం ఇది! ఆ రాసుకున్న మహానుభావుడు ఇప్పుడు బదిలీ మీద పోయాడట. వాడూ వెళ్ళిపోయినవారి రిజిస్టరులోనే ఉన్నాడేమో మరి. మొత్తానికి ప్రభుత్వం లెక్కలో మామయ్య ఎక్కడో నిక్షేపంగా తిరుగుతున్నారు. అత్తయ్య మొగుడున్న మనిషి. కళ్ళద్దాలాయన్ని చేసుకుంటే జైలే.

సంచీలోంచి డాక్టరు రాసిచ్చిన కాగితం తీశాను. శ్మశానం రసీదు తీశాను. "ఇవి చాలవా సార్? ఊరు మారినవాణ్ణి శ్మశానంలో కాలుస్తారా ఎవరైనా?"

"ఇవన్నీ బాగానే ఉన్నాయమ్మా. కాకపోతే ఇది ఆవిడ మాట మీద రాసిన ఎంట్రీ. ఆవిడ మాటతోనే దిద్దాలి. నా ఎదురుగా ఆవిడ నోటితో చనిపోయారు అని చెప్పాలి, ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను. ఇలాంటి గొడవలు ఎక్కువయ్యాయని చనిపోయారనో మరణించారనో తప్ప వేరే మాట రాయొద్దని పైనుంచి ఆర్డరు. అంతే. సంతకం పెడితే ఇవాళే కాగితం ఇచ్చేస్తా."

అమ్మయ్య! ఇన్నాళ్ళ తిరుగుడుకు ఒక్క మాటతో విరుగుడు. "చెప్పండి అత్తయ్యా" అన్నాను.

అత్తయ్య చీర కొంగు సర్దుకుంది. గొంతు సవరించుకుంది. "మా ఆయన కాలం చేశారు" అంది.

"అలా కుదరదమ్మా."

"పైకి వెళ్ళిపోయారు."

"మళ్ళీ వెళ్ళిపోవడమేనా!"

"మమ్మల్ని వదిలేశారు."

"అది విడాకుల సెక్షనమ్మా, కింద."

వెనక లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో గొణిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను చెబుతాను, రాసుకోండి సార్! చనిపోయారు, చనిపోయారు, చనిపోయారు!"

"మీరు చెప్తే చెల్లదమ్మా."

అత్తయ్య రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాను. "మీకు ఆ పెళ్ళి చేసుకోవాలని ఉందా, లేదా?"

"ఉంది" అంది, తల వంచుకుని.

"మరి ఆ మాటనడానికేం? నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా? నేను ఇక్కడ పిచ్చిదానిలా తిరుగుతున్నాను, మీకు చీమ కుట్టినట్టైనా లేదు!"

బెంచీ మీద నుంచి కళ్ళద్దాలాయన లేచి వచ్చాడు. "పోనీలేమ్మా, దరఖాస్తు మళ్ళీ పెట్టుకుందాం. ఇంకోసారి వద్దాం" అన్నాడు.

"మీరు కూడానా! ఆ కిటికీలోవాడు చాలడా రేపు రండి అనడానికి?" అని అరిచాను. పాపం ఆయన మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

తిరిగి లైన్లో నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి రేపురండి కూడా విసిగిపోయి ఉన్నాడు. "పోనీ, మిగతావి ముందు చెప్పండమ్మా. ఆ మాట ఆఖర్న రాసుకుంటా. ఎక్కడ జరిగింది?"

"ఇంట్లోనే. మంచం మీద."

"ఎన్నింటికి?"

అత్తయ్య కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది.

"సమయం అమ్మా, సమయం. పగలా, రాత్రా?"

"తెలీదు."

"పక్కన ఎవరున్నారు?"

"నేనే."

"పక్కనే ఉండి తెలీదంటారేంటమ్మా!"

వాడి పీక పిసికేద్దామని కిటికీలోకి చెయ్యి పెట్టబోయాను. ఈలోగా అత్తయ్య కిటికీ చువ్వలు రెండు చేతులతోనూ పట్టుకుంది.

"నిద్రపోతున్నాను బాబూ. నాకు మొద్దు నిద్ర. పొద్దున్నే లేచి కాఫీ కలుపుకొచ్చి లేపాను. లేవలేదు. చల్లారిపోతుందని మళ్ళీ లేపాను. రాత్రి నన్ను పిలిచాడో ఏమో. చెయ్యి పట్టుకుని కుదిపాడో ఏమో. నేను వినలేదు. అటు తిరిగి పడుకున్నాను. నా పక్కనే చచ్చిపోయాడు. నేను నిద్రపోతుంటే చచ్చిపోయాడు."

మామయ్య గురించి ఆవిడ పక్కింటివాళ్ళ దగ్గర కూడా 'అన్నారు', 'తిన్నారు' అనే తప్ప ఏకవచనంతో అనలేదు ఎప్పుడూ. వెనక లైన్లో గొణుగుడు ఆగిపోయింది.

రేపురండి కలం అందుకున్నాడు. "తెల్లవారుజామున చనిపోయారని రాస్తానమ్మా" అన్నాడు మెల్లగా. అత్తయ్య చేత సంతకం పెట్టించుకుని, పైనున్న ఆఫీసరు దగ్గరికి కాగితం తనే పట్టుకెళ్ళి సంతకం చేయించి, ముద్ర వేసి తెచ్చి, కిటికీలోంచి కాకుండా పక్క తలుపు తీసుకుని బయటికొచ్చి అత్తయ్య చేతికిచ్చాడు.

అటు చివర పెళ్ళిళ్ళ గది తలుపు ఇంకా తెరిచే ఉంది. ప్యూను కుర్చీలు సర్దుతున్నాడు. నాలో కండక్టరు మళ్ళీ లేచింది. "పదండి పదండి! మూసేలోపు దూరిపోదాం. ఏవండీ, మీరు కూడా లేవండి!" అని కళ్ళద్దాలాయన్ని కేకేశాను.

ఆయన లేచాడు. అత్తయ్య కదలలేదు. మరణ ధ్రువపత్రాన్ని గుండెకు అదుముకుని వరండా మధ్యలో నిలబడిపోయింది.

"ఇవాళ వద్దు అమ్మాయ్."

"మళ్ళీ ఏమొచ్చింది అత్తయ్యా? ఇన్నాళ్ళూ దీనికోసమేగా తిరిగాం! కాగితం చేతికొచ్చాక వద్దంటారేంటి?"

"చేసుకుంటాను. తప్పకుండా చేసుకుంటాను. ఇవాళ మాత్రం వద్దు" అంది. "ఇవాళే కదే పోయాడు."

అప్పుడు ఏడ్చింది. మామయ్యను ఎత్తుకెళ్ళిన రోజున కూడా కంట తడి పెట్టకుండా వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళు అందించిన మనిషి, ఆఫీసు వరండాలో నేల మీద కూలబడి గొంతెత్తి ఏడ్చింది. కళ్ళద్దాలాయన పరుగున వచ్చి, ఇస్త్రీ చొక్కా నలుగుతుందని కూడా చూసుకోకుండా ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నాడు. "మరేనమ్మా, ఇవాళెలా చేసుకుంటాం" అన్నాడు నాతో. పెళ్ళిళ్ళ గదికి ప్యూను తాళం వేశాడు. నేను ఆగమని కేకెయ్యలేదు.