ఖాళీ సైకిల్ కొలత

మా ఆయనకి రోడ్లంటే ఎంత ప్రేమంటే, పెళ్లయిన కొత్తలో సినిమాకని బయల్దేరదీసి, దారిలో కొత్తగా వేస్తున్న తారు చూస్తూ నిలబడిపోయి, నన్ను ఇంటర్వెల్‌కి హాలు చేర్చారు. కార్పొరేషన్‌లో రోడ్ల ఇంజనీరు. ఇంట్లో కుళాయి ధారగా కారుతున్నా వినపడదు గానీ, ఊరవతల మ్యాన్‌హోల్ మూత కదిలితే నిద్రలోంచి లేచి కూర్చుంటారు. ఇలాంటి మనిషితో కాపురం కష్టమని నేనెప్పుడూ అనను. అవతలివాళ్ల చేత అనిపిస్తానంతే.

ఈ మధ్య ఆయన కన్న ముద్దుల బిడ్డ సైకిల్ దారి. మా వీధి చివర నుంచి మార్కెట్ దాకా, పెద్ద రోడ్డు పక్కనే ఆకుపచ్చ రంగు వేయించి, బస్సులు ఇటు ఎక్కకుండా రెంటికీ మధ్య గట్టు కట్టించారు. ఉన్నమాట చెప్పాలంటే, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కాకపోతే మోటారు సైకిళ్లు దూరిపోతాయని ఆయన బెంగ. అందుకని రెండు చివర్లా, మధ్యలో సందు తగిలిన ప్రతిచోటా, జంటగా ఇనప స్తంభాలు పాతించారు.

ఆ జంట మధ్య ఎంత ఖాళీ వదలాలన్నది మా హాల్లోనే తేలింది. భోజనాల బల్ల కుర్చీలు రెండు ఎదురెదురుగా పెట్టి, నా సైకిల్ని చేత్తో నడిపిస్తూ, ఒక్కో కుర్చీని దగ్గరికి జరుపుతూ, హ్యాండిల్ గీసుకోకుండా పోయేంత ఖాళీ మిగిల్చి, చేతులు దులుపుకున్నారు. మరి సంచులు తగిలిస్తేనో, అని అడిగాను. సైకిల్ సంచులతో పుట్టదన్నారు. పక్కన కూర్చుని క్యాబేజీ తరుగుతున్న మా అత్తగారు తలెత్తకుండానే అందుకున్నారు.

"నువ్వూ చొక్కాతో పుట్టలేదు నాన్నా. ఆఫీసుకి తొడుక్కునే వెళ్తున్నావుగా."

పనికొచ్చే మాట ఆయనకి ఏనాడు వినపడింది గనక!

నేను సైకిల్ నేర్చుకున్నది నలభై దాటాక. వెనక పట్టుకుని పరిగెత్తి నేర్పింది అత్తగారే. పరిగెత్తారనడం అతిశయోక్తి గానీ, పడిపోతే నవ్వడానికి మాత్రం సిద్ధంగా ఉండేవారు. అంతకుముందు లైబ్రరీకి వెళ్లాలన్నా, చెల్లెలింటికి వెళ్లాలన్నా, ఎవరికి తీరిక దొరుకుతుందా అని గుమ్మం కేసి చూస్తూ కూర్చోవాలి. సైకిల్ వచ్చాక నా తీరిక నాదయింది. ఇంటికి సరుకులు తెచ్చే వంకన ఊరంతా నాది.

సైకిల్ దారి తెరిచిన రోజున, హ్యాండిల్‌కి చెరో పక్కా సంచులు వేలాడదీసుకుని పెళ్లివారి కారులా దర్జాగా వెళ్లాను. మొదటి స్తంభాల దగ్గరే సంచులు రెండూ పట్టేశాయి. దిగి, సంచులు దించి, సైకిల్ని అవతలికి తోసి, మళ్లీ వెనక్కొచ్చి సంచులు మోసి, మళ్లీ తగిలించి, మళ్లీ ఎక్కితే, మళ్లీ సందు, మళ్లీ స్తంభాలు. మర్నాటి నుంచి బస్సుల రోడ్డే నాకు గతి. నా ఒక్కదానికే కాదు. క్యాన్లు కట్టుకున్న పాలాయన, వెనక పనిముట్ల పెట్టె ఉన్న ప్లంబరు, పక్కింటి టీచరమ్మ, ఆవిడ క్యారియర్ మీది వెడల్పాటి సీట్లో పిల్లాడు, అందరం లారీల మధ్య నుంచి ఆ పచ్చటి దారిని షోకేసులో బొమ్మని చూసినట్టు చూస్తూ పోయేవాళ్లం. దాంట్లో కుక్కలు మాత్రం కాళ్లు బార్లా చాపుకుని పడుకునేవి.

ఒకనాడు బస్సు అద్దం నా సంచికి తగిలింది. సంచి బంగాళాదుంపలు బస్సు కిందకి, నేను గట్టు మీదకి. మోచెయ్యి చెక్కుకుపోయింది. మా ఆయనే ఊదుతూ మందు రాశారు. పాపం అనుకునేలోపే తీర్పు చెప్పేశారు. ఇక సైకిల్ బంద్. తాళంచెవి ఆయన సొరుగులోకి వెళ్లిపోయింది. స్తంభాల సంగతి ఎత్తితే, తొక్కడం రానివాళ్లు దారిని తిడతారన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉందట నా వరస. మద్దెల చేసింది ఎవరో అడగలేదు. మోచెయ్యి మండుతోంది.

అంతలో చీఫ్ ఇంజనీరు గారు కబురు పెట్టారు. ఎవరూ తిరగని దారి ఎందుకు, గట్టు కొట్టేసి కార్లు నిలుపుకోనిద్దాం, శనివారం వచ్చి చూసి తేల్చేస్తానని. మా ఆయన ఆ సాయంత్రం తాళంచెవి బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని, చీఫ్ గారొచ్చే వేళకి నలుగుర్ని వెంటబెట్టుకుని అటూ ఇటూ తొక్కి చూపించమన్నారు. దారి పోతే తాళంచెవి మళ్లీ సొరుగులోకే, నేను మళ్లీ గుమ్మం కేసి చూడాల్సిందే. రోజూ ఎలా వెళ్తానో అలాగే వస్తానని ఒప్పుకున్నాను. నేను అంత సులువుగా ఒప్పుకుంటే ఎవరికైనా అనుమానం రావాలి.

శనివారం రెండు సంచులూ నిండా, క్యారియర్ మీద అత్తగారితో సహా బయల్దేరాను. నా వెనక పాలాయన, ప్లంబరు, పిల్లాడితో టీచరమ్మ. చీఫ్ గారు గొడుగు కింద నిలబడ్డారు. సరిగ్గా ఆయన ఎదురుగా సంచులు స్తంభాలకి పట్టేశాయి. అందరూ వరసగా ఆగిపోయారు.

"ఏమండీ, కాస్త జరగమని చెప్పండి" అన్నాను.

"ఎవరికి?"

"స్తంభాలకి."

సంచులు దించమని మా ఆయన పళ్లబిగువున గొణిగారు. ఆ మాటకి అత్తగారు దిగారు, నన్నూ దింపారు. సైకిల్ కొడుకు చేతికిచ్చి, ఏదీ దించకుండా తొక్కుకుపొమ్మన్నారు. అందరూ చూస్తున్నారు, కాదనలేరు. వెనక్కి జరిగి, ఊపు తీసుకుని వచ్చారు. ఎడమ సంచి చిరిగింది, కుడి సంచి ఇరుక్కుంది. మధ్యలో ఆయన ఒంటికాలి మీద నిలబడిపోయారు.

"తొక్కడం రానిది జనానికని కదయ్యా చెప్పావు?" అని చీఫ్ గారు అడిగారు.

సంచులు మరీ లావని చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పబోయారు కూడా. ఈలోపు స్కూలుకి ఆలస్యమవుతోందని టీచరమ్మ గట్టు దిగి పెద్ద రోడ్డెక్కింది. బస్సొకటి ఆవిడ పక్కనుంచి, వెనక కూర్చున్న పిల్లాడి జుట్టు రేగేంత దగ్గరగా దూసుకుపోయింది. మా ఆయన ఆ పిల్లాడు కనుమరుగయ్యేదాకా అటే చూశారు.

"తప్పు జనానిది కాదు సార్, నాది" అన్నారు మెల్లగా. "ఖాళీ సైకిల్ని కొలిచాను. ఖాళీగా ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. ప్రతి జంటలో ఒక్క స్తంభం తీసేస్తే సరిపోతుంది. దారి మాత్రం ఉంచండి."

చీఫ్ గారు తలూపారు. అత్తగారు మాత్రం ఒప్పుకోలేదు.

"వెనకున్నవాళ్లకి వినపడలేదు నాన్నా."

ఆయన నా కేసి చూశారు. నేను సంచిలోంచి జారినవి ఏరుకుంటున్నట్టు నటించాను.

"తప్పు నాదే" అన్నారు, ఈసారి పాలాయనకి కూడా వినపడేలా.