పంతొమ్మిది గళ్ళు

కన్యకాపరమేశ్వరి కుడిచెయ్యి మణికట్టుదాకా దోసెల పిండిలో ఉంది. ఎడమచేత్తో ఫోను చెవికి ఆనించుకుని నిలబడింది. రెండుసార్లు మోగినా మొగుడు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "ఏటి?" అన్నాడు. వెనకాల నలుగురైదుగురి మాటలు వినబడుతున్నాయి, ఆఫీసులో మీటింగు కాబోలు. ఓటీపీ వచ్చుంటుంది చెప్పండి అంది గొంతు తగ్గించి. సాయిశ్రీనివాస్ మెసేజి చూసి, ఆరొందల నలభై, దేనికిది అన్నాడు. దేనికో చెప్పాలి. చెప్పకపోతే అంకెలు రాలవు. లోపలి బట్టలకండీ అంది. "అబ్బో, లోపలేసుకున్నదానికి ఆరొందల నలభయ్యా?" అని అతను నవ్వాడు. ఆ నవ్వుకి తోడు ఇంకో మగగొంతు కూడా నవ్వింది. అప్పుడు తీరిగ్గా ఆరంకెలూ చెప్పాడు. ఈలోగా గడువు దాటిపోయింది. మళ్ళీ మొదటికి వచ్చింది వ్యవహారం. ఆమె ఫోను గట్టుమీద బోర్లించి, పిండి కలపడం పూర్తిచేసింది.

ఆ బట్టలు మరి కొనలేదు.

కార్డు ఆమె పర్సులోనే ఉంటుంది. కానీ అది అతని కార్డుకి పిల్లకార్డు, యాడ్ ఆన్ అంటారు దాన్ని. వాడేది ఆమె, మెసేజులు అతనికి, మెప్పూ అతనికే. నాలుగేళ్ళ కిందట దాని కాగితం నింపుతూ సాయిశ్రీనివాస్ పెన్ను ఆపి, "ఇంత పేరెవడు పెట్టేడే నీకు, గూడ్సుబండిలాగ? గళ్ళు పంతొమ్మిదే ఉన్నాయి, సాలవు" అన్నాడు. అని, మిసెస్ పొట్నూరు అని రాసి పడేశాడు. పొట్నూరు వాళ్ళ ఇంటిపేరు. రాయగడలో ఈ ఇంటిపేరుతో పెద్ద తమాషా ఉంది. మన తెలుగువాళ్ళం ఇంటిపేరు ముందు రాసుకుంటాం కదా, ఇక్కడి ఒడియా ఆఫీసుల్లో ముందున్నదే మనిషి పేరనుకుంటారు. అందుకని ఆమె పనిచేసే చోట పదకొండేళ్ళుగా ఆమె పొట్నూరు మేడమ్. బ్యాంకు మెసేజులో డియర్ పొట్నూరు. కాశీపూర్ గనులవైపు నుంచి వచ్చే ఇంజనీర్లకి హలో పొట్నూరు. పుట్టినప్పుడు పెట్టిన పేరుతో ఆమెని పిలిచేవాడు ఈ ఊళ్ళో ఒక్కడూ లేడు. అత్తగారికి అమ్మి, మొగుడికి ఏమే, కూతురు అమూల్యకి మమ్మీ.

ఆమె ఉద్యోగం ఏమిటంటే, ఆ గనుల పనులు చేసే కాంట్రాక్టు కంపెనీ రాయగడ ఆఫీసులో కూర్చుని పెద్దమనుషులకి టికెట్లు తియ్యడం. విశాఖపట్నం నుంచి ఏ విమానం ఎన్నింటికి బయల్దేరుతుందో, ఏది ఎప్పుడూ ఆలస్యమో, ఎండాకాలం పొద్దుటిపూట ఏ వైపు కూర్చుంటే మొహాన ఎండ కొట్టదో అన్నీ ఆమెకి కంఠతా వచ్చు. పొట్నూరు మేడమ్, నాకు కిటికీ పక్కన అని ఒకడు, నాకు కాళ్ళు చాపుకునే సీటు అని ఇంకొకడు. టికెట్టు దొరకబుచ్చుకున్నాక అదే నోటితో, మేడమ్, నాలుగు టీలు చెప్పండి అంటారు. నెలకోసారి గువాహటి వెళ్ళే ఒక పెద్దాయన ఉన్నాడు. దిగేముందు బ్రహ్మపుత్ర మీంచి వస్తుంది విమానం, చూసి తీరాలి మేడమ్ అని ఒకసారి మాటవరసకి అన్నాడు. అతను అని మర్చిపోయాడు. ఆమె మర్చిపోలేదు. ఇన్ని వందల మందిని గాల్లోకి ఎక్కించిన మనిషి, తను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు.

ఇలా ఉండగా కిందటేడు సాయిశ్రీనివాస్ ఆఫీసులో ఎవరో కార్డు పాయింట్లతో పైసా పెట్టకుండా గోవా వెళ్ళొచ్చారట. అంతే, ఇంటికొచ్చి కుదురుగా కూర్చోలేదు. మనదేటి, ముష్టి కేష్‌బేకు కార్డు, నెలకి వందో నూటయాభయ్యో బిల్లులో తగ్గిస్తాడు, ఆ తగ్గిందేటో కంటికి కూడా కనపడదు, ట్రావెల్ కార్డు తియ్యాలి అన్నాడు. అని, "నువ్వు సూసి పెట్టు, నాకు టైమ్ నేదు" అన్నాడు. టైము ఉన్నది ఆమెకే మరి! పొద్దున్న అయిదింటికి లేచి వంట, తొమ్మిదిన్నరకి ఆఫీసు, సాయంత్రం కూరలు, అత్తగారి మోకాళ్ళకి నూనె. ఆ మిగిలిన టైములో ఆరు కార్డులు వెతికి పట్టుకుంది. దేనికి ఏడాది ఫీజెంత, ఎంత వాడితే ఆ ఫీజు మాఫీ, ఏ కార్డు పాయింట్లు విమానం కంపెనీకి బదిలీ అవుతాయి, ఏ కార్డు పాయింట్లు రెండేళ్ళకి చస్తాయి, కరెంటు బిల్లుకీ పెట్రోలుకీ ఏది పాయింట్లు ఇవ్వనంటుంది, విమానాశ్రయంలో ఊరికే కూర్చోబెట్టి టిఫిను పెట్టేది ఏది, ఇవన్నీ పాత కాగితాల వెనక రాసుకుని తూచింది. చివరికి ఒకటి తేల్చింది. అతను ఆ కాగితాలు చూడనైనా చూడకుండా సంతకం పెట్టాడు. పాత కార్డు రద్దయి, దీనికీ ఒక పిల్లకార్డు ఆమె పర్సులోకి వచ్చింది.

ఆ ఏడాదంతా ఆమె పడ్డ పాట్లు మనం కళ్ళారా చూడాలి. సరుకులు ఎప్పుడూ కొనే దాలయ్య కొట్టులో కార్డు తీసుకోరని, మార్కెట్టుకి ఆ చివరున్న కొట్టుదాకా సంచులు మోసుకుపోయింది. అమూల్య స్కూలు ఫీజు, అత్తగారి మందులు, గ్యాసు, దసరా బట్టలు, ఆఖరికి ఆడపడుచు వాళ్ళింట్లో ఫ్రిజ్జు కూడా ఈ కార్డు మీదే తీయించి, వాళ్ళ దగ్గర డబ్బు పుచ్చుకుని కట్టింది. నెలాఖరుకి పాయింట్లెన్నయ్యాయో చూసుకోవాలంటే మళ్ళీ మొగుడి ఫోను అడగాలి. అలా అడిగి అడిగి చూసుకుంటూ వచ్చింది. చుట్టాలింటికి వెళ్తే మా శ్రీను కార్డుల్లో దిట్ట అని అత్తగారు భారతమ్మ చెప్పుకునేది, అతను కాదనేవాడు కాదు, ఈమె నోరు మెదిపేది కాదు. ఎందుకు మెదపలేదంటే, లోపల ఒక ఆశ ఉంది. ఏడాది తిరిగేసరికి రెండు టికెట్లకి సరిపడా అవుతాయి. రెండు. మొగుడూ పెళ్ళాం. ఎక్కడికైనా సరే, ఒక్కసారి కిటికీ పక్కన కూర్చుంటే చాలు అనుకుంది. ఎవరితోనూ అనలేదు. అంటే దిష్టి తగులుతుందన్నట్టు దాచుకుంది, పిచ్చిది.

ఏడాది తిరిగింది. రెండు టికెట్లకి అయ్యాయి. ఆ రాత్రి అన్నాల దగ్గర సాయిశ్రీనివాస్ తనే ఎత్తాడు ఆ మాట. "అమ్మా, నువ్వూ నేనూ కాశీ ఎల్లొద్దాం. ఇమానం మీద" అన్నాడు. భారతమ్మ కళ్ళు తుడుచుకుంది. కన్యకాపరమేశ్వరి చేతిలో చారు గరిటె ఉంది. ఎవరూ ఆమెవైపు చూడలేదు, గరిటెవైపు చూశారు. చారు పోస్తూ, మరి నేను అంది. అన్నదా, అనుకుందా అని ఆమెకే అనుమానం వచ్చేంత చిన్నగా అంది. ఇంటికి ఒకరుండాలి కదా అన్నాడతను. అమూల్యకి స్కూలుంది కదమ్మి, నీకేటి తొందర, దాని పెళ్ళయిపోతే నువ్వూ ఎల్దువుగాని అంది భారతమ్మ. ఆమె ఊరుకుంది. అంతటితో అతనైనా ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. మొహం మాడ్చుకుంటావేటి అని విసుక్కుని, "నా పాయింట్లు నేనెలా వాడుకోవాలో నీకు సెప్పాలా?" అన్నాడు.

నా పాయింట్లు. అంట్లు తోముతున్నంతసేపూ ఆ 'నా' ఆమె చెవిలో రొద పెట్టింది. ఎవరి పాయింట్లు? సంచీ మోసింది ఎవరి భుజం? మందుల కొట్టు ముందు వానలో నిలబడింది ఎవరు? అంకెల కోసం ఫోను చేసి, దేనికి దేనికి అంటే లోపలి బట్టల లెక్క కూడా అప్పజెప్పింది ఎవరు? జీతం వస్తుంది నాకు. అది అతని ఖాతాలో పడేలా పెళ్ళైన ఏడాదే కాగితం రాసిచ్చాను, రెండు ఖాతాలెందుకు ఒక ఇంట్లో అంటే నిజమే కాబోలు అనుకున్నాను. పోయినేడు నాకూ ఒక కార్డు తీద్దామా అంటే, రెండు కార్డులైతే పాయింట్లు సెదిరిపోతాయి అన్నాడు. అదీ నిజమే అనుకున్నాను. ఎన్ని నిజాలు నమ్మాను! కోపం వచ్చింది ఆమెకి. అతని మీద సగం, తన మీద సగం. తన మీద వచ్చిన సగమే ఎక్కువ మండింది.

మర్నాడు ఆఫీసులో మధ్యాహ్నం పూట సెలవు పెట్టి బ్యాంకుకి వెళ్ళింది. ముందు తన పేర కొత్త ఖాతా తెరిపించి, జీతం అందులోకి మార్చమని ఆఫీసుకి రాసిచ్చింది. తర్వాత కార్డు. కౌంటరులో దేబాశిష్ అని కుర్రాఫీసరు, మర్యాదస్తుడే. కుర్చీ చూపించి, రంగుల కాగితం ఒకటి ముందు పెట్టి, "లేడీస్ పాయిఁ కేష్‌బేక్ భల, మేడమ్" అన్నాడు. ఆడవాళ్ళకి కేష్‌బేకే మంచిది, సరుకులకీ గ్యాసుకీ బాగా కలిసొస్తుంది, ఆడవాళ్ళందరూ ఇదే తీసుకుంటారు, ట్రావెల్ కార్డు ఊళ్ళు తిరిగేవాళ్ళకి అని తన ఒడియాలో ఓపిగ్గా వివరించాడు. ఆమె విన్నంతసేపు విని, ఒడియాలోనే మొదలుపెట్టింది. మీ ట్రావెల్ కార్డులు రెండున్నాయి, పెద్దదాని ఫీజు నా జీతానికి దండగ, చిన్నదాని పాయింట్లు మూడేళ్ళదాకా చావవు, విమానం కంపెనీకి బదిలీ చేస్తే విలువ తగ్గదు, చేరగానే ఇచ్చే పాయింట్లతో రానూపోనూ టికెట్టు ఒకటి వచ్చేస్తుంది, చిన్నది ఇవ్వండి అంది. దేబాశిష్ ఆ రంగుల కాగితం వెనక్కి తీసుకుని, మేడమ్ మీరు ఇదివరకు బ్యాంకులో చేశారా అని అడిగాడు. లేదు, ఇంట్లో చేశాను అంది.

కార్డు మీద పేరు రాసే వరస దగ్గర అతను ఆగాడు. ఇక్కడా పంతొమ్మిది గళ్ళే. పొట్నూరు రాస్తే మిగతాది పట్టదు మేడమ్, పొట్నూరు అని వేసి, కె.పి. అని పెడదాం, మీ ఆఫీసులో కూడా మీరు పొట్నూరు మేడమే కదా అన్నాడు. మంచిమాటే. అందరూ అలాగే చేస్తారు. ఇంటిపేరు నిలబెట్టి మనిషిని రెండక్షరాలకి కుదిస్తారు. ఆమె అతని చేతిలోంచి పెన్ను తీసుకుంది. ఇంగ్లీషులో ఒక్కో అక్షరం ఒక్కో గడిలో పెట్టుకుంటూ పోయింది. కన్యకాపరమేశ్వరి. పద్దెనిమిది గళ్ళు పట్టింది. ఇన్నేళ్ళూ పట్టదు పట్టదు అన్న పేరు పట్టగా ఇంకో గడి మిగిలింది. ఇంటిపేరు వద్దా అన్నాడు దేబాశిష్. చోటు లేదు కదండీ అంది ఆమె. అక్కడ ఒక్కర్తే ఫక్కున నవ్వేసింది.

మూడువారాలకి కార్డొచ్చింది. జీతం కొత్త ఖాతాలో పడింది. అది సాయిశ్రీనివాస్‌కి ఎలా తెలిసిందంటే, తన ఖాతాలో పడకపోవడం వల్ల తెలిసింది. అన్నాల దగ్గర కూర్చుంటూనే అడిగాడు, జీతం ఇంకా రాలేదేటి అని. ఆమె కంచాలు పెట్టింది. అతని కంచం పక్కన పిల్లకార్డు పెట్టింది. జీతం నా ఖాతాలో పడింది, ఇంటి ఖర్చులో సగం నేను పెడతాను, మీ సగం సరుకులు మీ కార్డు మీద మీరే తెచ్చుకోండి, మందులు ఏ కొట్లో తేవాలో రాసిస్తాను అంది. భారతమ్మ ముక్కుమీద వేలేసుకుంది. సాయిశ్రీనివాస్ కేకలేశాడు. ఎవరు నేర్పేరివన్నీ అన్నాడు, ఆఫీసులో ఎవడు ఎక్కించేడన్నాడు, కాపరం చేసే ఆడది చేసే పనేనా అన్నాడు. ఆమె తన కంచం తెచ్చుకుని అతనికెదురుగా కూర్చుని అన్నం కలుపుకుంది.  

అరిచి అరిచి అతను ఆగాడు. ఆగాక, బుర్రున్నవాడే కనుక, వేరే లెక్క తోచింది. ఇంతకీ ఏం కార్డు తీశావన్నాడు. చెప్పింది. చేరగానే పాయింట్లిస్తాడుగా అన్నాడు. ఇచ్చాడు అంది. అతని మొహం విప్పారింది. కోపమంతా ఎటో పోయింది, పెద్ద మనసు చేసుకున్నాడు.

"అయితే మరేటి, అవీ ఇవీ కలిపేద్దాం. ముగ్గురికీ సరిపోతాది. ఊరికే అలుగుతావుగానీ, నిన్ను మాత్రం ఒదిలేస్తానేటి? నిన్నూ తీసుకెళ్తాను."

ఎంత బాగుందో ఆ మాట. ఏడాది కిందట విని ఉంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. తీసుకెళ్తాను. పుట్టింట్లో నాన్న తీసుకెళ్ళాడు, పెళ్ళయ్యాక ఇతను తీసుకెళ్ళాడు, పురుటికి అన్నయ్య వచ్చి తీసుకెళ్ళాడు. నలభై ఒక్కేళ్ళలో తను ఎక్కడికైనా వెళ్ళిందా? ఆలోచిస్తే ఒక్క ఊరూ తోచలేదు ఆమెకి. మజ్జిగ పోసుకుని, కలుపుకుని, ఆఖరి ముద్ద తిని తలెత్తింది.

"మీరు కాశీనుంచి వచ్చిన వారానికి గువాహటికి టికెట్టు తీసేనండీ. ఒకటే. అయిదు రోజులు. అమూల్యకి సెప్పేను, అత్తయ్యగారి మందులు రాసి పెడతాను."

"గువాహటా? అక్కడ మనకెవరున్నారు? ఎవరు తీసుకెళ్తారు నిన్ను?" అన్నాడు సాయిశ్రీనివాస్, ఈసారి కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక.

"ఎవరూ తీసుకెళ్ళరండీ. నేను ఎల్తాను."