లీలావతమ్మ చేతి వేడి

బందరులో, చిలకలపూడి వెళ్ళే దారిలో ఓ సందుంది. తెల్లారేసరికి ఆ సందులో గిన్నెలన్నీ లీలావతమ్మ అరుగు మీదకి చేరేవి. పాలు, ఎసరు, చంటిపిల్లల స్నానాలకి నీళ్ళు. ఆవిడ గిన్నెకి రెండు అరచేతులూ ఆనించి కళ్ళు మూసుకునేది. కాసేపటికి కుతకుతమనేది. గ్యాసు ధర పెరిగినప్పుడల్లా గిన్నెలూ పెరిగేవి. వచ్చినవాళ్ళు గుప్పెడు బియ్యమో, నాలుగు వంకాయలో పెట్టి వెళ్ళేవారు. ఆవిడ బతుకు అలా గడిచిపోయేది. సాయంత్రానికి మోచేతులు లాగేసేవి. అయినా ఆకలితో వచ్చినవాళ్ళని రేపు రమ్మని ఎలా అంటాం?

భర్త బాలస్వామి బతికున్నన్నాళ్ళూ ఆయనకి జ్వరమొస్తే, ఈవిడ చెయ్యి తగిలితే కాలుతుందని, పక్కింటామె వచ్చి నుదురు చూసేది.

ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమని ప్రభుత్వం చెప్పాక సందులో ఇంటింటికీ గ్యాసు బండ వచ్చింది. గిన్నెలు రావడం మానేశాయి. లీలావతమ్మ కొన్నాళ్ళు కంటినిండా నిద్రపోయింది. తర్వాత బియ్యం డబ్బా అడుగు కనబడింది. సచివాలయానికి వెళ్ళి, ఆ ఉచితం తనకీ వస్తుందా అని వందన అనే ఉద్యోగినిని అడిగింది. ఆ పిల్ల మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది.

"కనెక్షన్ ఉన్నవాళ్ళకే వస్తుందండీ. మీకు పొయ్యే లేదు కదా."

నిజమే. ఆవిడకి పొయ్యితో పనేం పడింది ఎప్పుడైనా?

పని లేక చేతుల్లో వేడి దిగిపోయింది. ఓరోజు పెట్టిన ఎసరు గోరువెచ్చగా ఆగిపోయింది. ఆ పూట అటుకులు నానబెట్టుకుని తింది.

ఆ మధ్యాహ్నమే బండలు మోసే పిచ్చేశ్వరరావు అరుగు మీద కూలబడ్డాడు. కుడి చెయ్యి పైకి లేవడం లేదు. మేడ మీద ఇళ్ళకి ఎక్కించలేకపోతే ఇక రావద్దని ఏజెన్సీ ఆయన అనేశాడట. వింటూ వింటూ లీలావతమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. వేసి, ఉలిక్కిపడి లాక్కోబోయింది.

"తియ్యకక్కా," అన్నాడతను. "హాయిగా ఉంది."

ఆవిడ తియ్యలేదు. మనిషి ఒంటి మీద చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది ఆవిడకి. 

రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చునేవాడు. వరికోతలు అయ్యేలోపు చెయ్యి తల దాటి లేచింది. పని నిలబడింది. ఏం ఇచ్చుకోనక్కా అని అడిగాడు.

"నా చేతిలో ఇప్పుడు బియ్యం ఉడకడం లేదు తమ్ముడూ. నాకూ ఓ కనెక్షన్ రాయించు."

కాగితాలు పట్టుకుని అతనే తిరిగాడు. వందన దగ్గరుండి సరిచేసింది. బండని పిచ్చేశ్వరరావే కుడి భుజం మీద మోసుకొచ్చి, బిగించి, పొయ్యి వెలిగించాడు.

లీలావతమ్మ పాలు పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. పాలు అంచు దాకా వచ్చాయి. మంట తగ్గించడం ఆవిడకి తెలీదు. పొంగి పొయ్యంతా పారినా లేవలేదు, అలాగే చూస్తూ ఉండిపోయింది. అతనే వంగి పొయ్యి కట్టేశాడు.